ఆ తలనొప్పి ఎండ వల్ల కాకపోవచ్చు

కదిరి తేరు అయిపోయింది. ఉగాది దగ్గర పడింది. ఇక మన దగ్గర పెళ్లిళ్లు, మొక్కులు, తిరుమల ప్రయాణాలు వరసగా మొదలవుతాయి. ఇంటిల్లిపాదీ ఒకే వ్యానులో సర్దుకుని కూర్చుంటారు. బయట నిప్పులు చెరిగే ఎండ, గాలి లేస్తే ఎర్రదుమ్ము. అద్దాలు మూసేస్తారు. గంట గడిచేసరికి చిన్నపిల్ల తల పట్టుకుంటుంది. కాసేపటికి ఇంకొకరికి కడుపులో తిప్పుతుంది. అవ్వ కునికిపాట్లు పడుతుంది. 'ఎండదెబ్బ' అంటారు. బండి పక్కకు ఆపి నిమ్మకాయ వాసన చూపిస్తారు, మజ్జిగ తాగిస్తారు, మళ్లీ బండెక్కి అద్దాలు మూసుకుంటారు.

దయచేసి ఆగండి. మళ్లీ బండెక్కే ముందు ఒక్క సంగతి ఆలోచించండి. ఆ తలనొప్పి ఎండ వల్ల కాకపోవచ్చు. మీ కాళ్ల కింద, ఇంజనుకూ సైలెన్సరుకూ మధ్య సరిగ్గా కూర్చోని ఒక ప్యాకింగు వల్ల కావచ్చు.

ఎండలో పుట్టి ఎండలో పెరిగినవాళ్లం. తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం, ఈ మూడూ కలిస్తే మనకు తట్టేది ఎండదెబ్బే. ఈ మూడింటినీ తెచ్చే ఇంకో శత్రువు బండి కింద ఉండొచ్చని తట్టదు. నాకు భయం కలిగిస్తున్నది అదే.

ఆ శత్రువు పేరు కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు, గొంతులో మంట పుట్టించదు. నెత్తురులో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్, ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకుంటుంది. పట్టుకుంటే తొందరగా వదలదు. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి మాత్రం ప్రాణవాయువు అందదు. పొగ వాసన వస్తే తెలుస్తుంది కదా అంటారు కొందరు. వాసన తెలియనంత కొద్ది పొగలోనూ ఈ వాయువు ఉండొచ్చు. తెలిసిన వాసనకు కూడా ముక్కు కాసేపట్లోనే అలవాటు పడిపోతుంది.

ఇది ఏం చేయగలదో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2018 జులై 12న తాడిపత్రిలోని గెర్డావ్ ఉక్కు కర్మాగారంలో ఇదే వాయువు లీకై ఆరుగురు కార్మికులు చనిపోయారు. అది పెద్ద కర్మాగారం. అక్కడి గొట్టాలు వేరు, అక్కడి వాయువు మోతాదు వేరు. వ్యాను కింద కారేది దానిలో ఆవగింజంత. కానీ వ్యాను లోపలి చోటు కూడా చిన్నదే. తలుపులు మూసిన ఆ చిన్న చోటులో కూర్చున్నది మన పిల్లలు.

నాకే జరిగింది. కొన్నేళ్ల కిందట బంధువుల పెళ్లి చూసుకుని ధర్మవరం మీదుగా తిరిగి వస్తున్నాం. ముగ్గురం దాదాపు ఒకేసారి తల పట్టుకున్నాం. పెళ్లి భోజనం మీద నెపం వేశాం. ఇల్లు చేరి అరుగు మీద గంట కూర్చుంటే తగ్గింది. మర్నాడు బండి కింద చూస్తే, వారం కిందట మార్పించిన సైలెన్సరు జాయింటు చుట్టూ మసి చారలు. అందరికీ ఒకేసారి ఎందుకు వచ్చింది? కిందికి దిగగానే ఎందుకు తగ్గింది? ఈ రెండు ప్రశ్నలూ ఆ రోజు మాకు తట్టలేదు. మీకు తట్టాలని ఇదంతా రాస్తున్నాను.

మన షెడ్లలో ప్యాకింగు అనే ఆ గాస్కెట్టు చూడడానికి ఒక చిన్న ఉంగరం, లేదా పల్చటి రేకు ముక్క. రెండు ఇనుప ముఖాలను ఎంత బిగించినా వాటి మధ్య కంటికి కనబడని సందులు మిగులుతాయి. ప్యాకింగు నలిగి ఆ సందుల్ని పూడుస్తుంది. ఒకసారి నలిగిందంటే దాని పని అయిపోయింది. పాత ముఖానికి తగ్గట్టు నలిగిన రేకు కొత్త ముఖానికి అతకదు. విప్పి మళ్లీ అదే పెట్టడమంటే, లీకును మన చేత్తో మనమే బిగించడం.

ఇక్కడ మన సీమ గుణమే మనకు అడ్డం వస్తోంది. వాన తక్కువ, అది కూడా నిలకడగా కురవని నేల ఇది. ఏ వస్తువునూ ఊరికే పారెయ్యం. పాత టైరు పశువుల తొట్టి అవుతుంది, చిరిగిన చీర బొంత అవుతుంది. ఆ పొదుపే ఎన్నో కరువుల్లో మనల్ని నిలబెట్టింది. దాన్ని తప్పుపట్టే మనసు నాకు లేదు. ఈ ఒక్క రేకు దగ్గర మాత్రం ఆ గుణాన్ని పక్కన పెట్టండి. విప్పిన ప్యాకింగును అక్కడే వంచి పారెయ్యమని మెకానిక్కుకు చెప్పండి. మీ కళ్ల ముందే వంచమనండి.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, బండ్లు మారాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. సైలెన్సరు ఇప్పుడు వట్టి గొట్టం కాదు. విషవాయువును తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరు, దాని ముందో వెనకో ఆక్సిజన్ సెన్సారు. డీజిల్ బండ్లలోనైతే మసిని పట్టే ఫిల్టరు, పొగను కొంత తిరిగి ఇంజనులోకి పంపే ఈజీఆర్ వాల్వు కూడా ఉంటాయి. వీటిలో చాలా భాగాలు కలిసే చోట ఒక్కో ప్యాకింగు. అంటే లీకు కాగల చోట్లు పెరిగాయి. ఆ భాగాల ధరలూ పెరిగాయి. కన్వర్టరులో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి లోహాలు ఉంటాయి మరి. కంపెనీ భాగం ధర విని గుండె జారి, బెంగళూరు జేసీ రోడ్డు నుంచో విజయవాడ ఆటోనగర్ నుంచో బయటి సరుకు తెప్పించుకుంటాం.

బయటి సరుకంతా చెడ్డదని నేను అనను. కొలత తప్పనివీ ఉన్నాయి. తప్పితే మాత్రం కష్టం. బోల్టు రంధ్రం రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగినా, గొట్టం చివరి ఇనుప ముఖం కాస్త వంగి ఉన్నా, ప్యాకింగు అంచు సరిగ్గా నొక్కుకోదు. దాని లోపలి గుండ్రం గొట్టం కంటే చిన్నదైతే పొగకు అడ్డం. మరీ పెద్దదైతే అంచుకు ఆనిక లేక ఒకవైపు కాలిపోతుంది.

అప్పుడు షెడ్డులో ఏం జరుగుతుందో మీరూ చూసే ఉంటారు. ఒక ప్యాకింగు సరిపోకపోతే రెండు పేర్చుతారు. నూనె డబ్బా రేకు కత్తిరించి మధ్యలో దూరుస్తారు. పైన ఎంసీల్ పూస్తారు, లేదంటే సిలికాన్ పేస్టు పిండుతారు. లీకు చప్పుడు ఆగిపోతుంది. బాగైందని మనం డబ్బులిచ్చి ఇంటికొస్తాం. ఆ పేస్టు తట్టుకోగలిగేది 300 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ. బరువుతో గుట్ట ఎక్కే పెట్రోలు ఇంజను నోట్లోంచి వచ్చే పొగ వేడి 600 డిగ్రీలు దాటుతుంది. పేస్టు మాడుతుంది, రాలుతుంది. రాలిన ముక్కలు కన్వర్టరు సన్న రంధ్రాలకు అడ్డం పడతాయి. సిలికాన్ ఆవిరి ఆక్సిజన్ సెన్సారును కూడా పాడుచేస్తుంది. ఇంతలో చప్పుడు మళ్లీ మొదలవుతుంది. ఈసారి మనం దానికి అలవాటు పడిపోతాం.

ఇదే ఊపులో ఇంకో మాట. కొందరు ఇప్పటికీ జాయింటుకు ఆస్బెస్టాస్ తాడు చుట్టిస్తున్నారు. వద్దు. పాత ప్యాకింగుల్లోనూ ఆస్బెస్టాస్ ఉండేది. అతుక్కుపోయిన పాత రేకును బ్లేడుతో గీకి, ఆ నూగును నోటితో ఊదే కుర్రవాళ్లను చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది. ఆ నూగు ఊపిరితిత్తుల్లో చేరితే ఇరవై, ముప్పై ఏళ్లకు గానీ రోగమై బయటపడదు. పదహారేళ్ల పిల్లాడు ఈ రోజు ఊదిన నూగు, వాడికి పెళ్లయి పిల్లలు పుట్టి పెద్దయ్యాక తిరిగొస్తుంది. షెడ్డు నడిపే అన్నలారా, తడిపి గీకించండి. ముక్కుకు మాస్కు కట్టించండి. ఊదనివ్వకండి.

ఇక లీకు ఉందో లేదో పట్టుకునే దారి.

మొదట చెవి. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేస్తే ముందు వైపు నుంచి 'టిక్ టిక్' మనో 'ఫుస్ ఫుస్' మనో ఒక చప్పుడు వస్తుంది. బండి వేడెక్కాక అది తగ్గిపోతుంది. ఇనుము వేడికి ఉబ్బి సందును కొంత మూస్తుంది కాబట్టి తగ్గింది. తగ్గింది గదా అని ఊరుకోకండి, లీకు పోలేదు.

తర్వాత కన్ను. జాయింటు చుట్టూ నల్లటి మసి చారలు, పక్కనున్న వైరు మీద కమిలిన మచ్చ. యూరియా ద్రవం పోసే కొత్త డీజిల్ లారీల్లో జాయింటు దగ్గర ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పెచ్చులు కట్టడం.

ఆ తర్వాత జేబు. మైలేజీ హఠాత్తుగా పడిపోతుంది, డాష్‌బోర్డు మీద ఇంజను దీపం వెలుగుతుంది. సందులోంచి పొగ బయటికి పోవడమే కాదు, పొగ అలలు అలలుగా వస్తుంది కాబట్టి మధ్యమధ్య బయటి గాలి లోపలికి కూడా పీల్చుకుపోతుంది. ముందున్న సెన్సారు ఆ గాలిని చూసి, ఇంజనుకు పెట్రోలు తక్కువైందని పొరబడుతుంది. ఇంజను ఇంకా పెట్రోలు పోస్తుంది. ఆ ఎక్కువైన పెట్రోలు పోయి కన్వర్టరులో కాలుతుంది, కన్వర్టరు అతిగా వేడెక్కి కరిగిపోయే దాకా వస్తుంది. చిన్న రేకు దగ్గర మిగుల్చుకున్న డబ్బు ఇలా వందల రెట్లయి చేయి జారుతుంది.

గట్టిగా తేల్చుకోవాలంటే, ఇంజను పూర్తిగా చల్లారాక సైలెన్సరు చివర నుంచి బ్లోయరుతో మెల్లగా గాలి పంపి, జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లమని మెకానిక్కును అడగండి. పంక్చరు చూసినట్టే. బుడగలు ఎక్కడ లేస్తే లీకు అక్కడ. వేడి బండి కింద మాత్రం చెయ్యి పెట్టకండి, పెట్టనివ్వకండి.

బాగుచేయడం కూడా బ్రహ్మవిద్య కాదు. ఓపిక కావాలి. పాత ప్యాకింగు మరకంతా పోయేలా రెండు ముఖాలూ శుభ్రం చేయాలి. స్టీలు స్కేలు నిలువుగా పెట్టి, దాని కింద సన్న సందును కొలిచే ఫీలర్ గేజి దూర్చి ముఖం వంగిందేమో చూడాలి. వంగితే లేత్ షాపులో ఫేసింగు చేయించాలి. పేస్టు పూసి దాచకూడదు. కొత్త ప్యాకింగును బిగించే ముందే రెండు వైపులా ఆనించి రంధ్రాలు, లోపలి గుండ్రం కలిశాయో లేదో చూడాలి. కలవకపోతే ఆ భాగాన్ని అంగడికి తిప్పి పంపాలి. రంధ్రాన్ని అరగదీసి కలపకూడదు. తుప్పు పట్టిన స్టడ్లు, నట్లు మార్చాలి. సైలెన్సరును వేలాడదీసే రబ్బర్లు తెగిపోయి ఉంటే, దాని బరువంతా జాయింటు మీద పడి ఎంత మంచి ప్యాకింగైనా నిలవదు. ఇది చాలామంది మరిచిపోయే సంగతి.

అన్ని జాయింట్లనూ ముందు వదులుగా తగిలించి, గొట్టం తన చోట తాను కుదురుకున్నాకే బిగించాలి. ఒక బోల్టు పూర్తిగా బిగించి రెండోదానికి పోకూడదు. ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో, బండి పుస్తకంలో రాసిన లెక్క దాకా బిగించాలి. మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. అలాంటి కర్మాగారాల్లో ప్రతి ముఖ్యమైన బోల్టుకూ ఎంత బలం అన్నది ముందే నిర్ణయించి పెడతారు. ఆ రెంచి పెద్ద కంపెనీల సొత్తు కాదు. పది షెడ్లు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు.

'పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా' అని ధైర్యంగా ఉండకండి. ఆ పరీక్ష సైలెన్సరు చివర వచ్చే పొగను చూస్తుంది. ముందే దారి తప్పి సీటు కిందికి పోయిన పొగ ఆ మిషనుకు కనబడదు. పైగా లీకు సందులోంచి బయటి గాలి కలిస్తే చివరి పొగ పలచబడి, లెక్క బాగున్నట్టు కూడా కనిపించవచ్చు. ఈ గొడవంతా ఎందుకని కన్వర్టరే తీయించి ఖాళీ గొట్టం పెట్టించుకునేవాళ్లకు ఒక మనవి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 కింద దానికి పదివేల రూపాయల దాకా జరిమానా ఉంది. జరిమానా సంగతి అటుంచండి. కన్వర్టరు ఉంటే చాలావరకు మాయమయ్యే విషం, లేకపోతే అలాగే వస్తుంది. దాని మీద లీకు కూడా తోడైతే ఇంకేం చెప్పాలి.

అన్నిటికంటే నాకు భయం ఇంజను ముందు సీటు కిందే ఉండే వ్యాన్ల గురించి. ఓమ్ని వంటి బండ్లు మన పల్లెల్లో ఇంకా చాలా తిరుగుతున్నాయి. వాటిలో జాయింటుకూ మనిషికీ మధ్య ఉన్నది ఒక రేకు, ఒక రబ్బరు అంచు. ఆ అంచు చిరిగి ఉంటే పొగకు తలుపు తెరిచినట్టే. ఆటోల్లో ఇంజను వెనక సీటు కింద ఉంటుంది. తెల్లవారుజామున కూలికి పోయే అక్కచెల్లెళ్లు చలికి పట్టా దించుకుని, ఒకరి మీద ఒకరు కూర్చుని పోతారు. వాన జల్లు వచ్చినా అంతే. పట్టా మొత్తం దించకండమ్మా. ఒక పక్కైనా గాలి ఆడనివ్వండి.

సామాను పట్టలేదని డిక్కీ తలుపు తెరిచి తాడు కట్టి పోయేవాళ్లు మరీ జాగ్రత్త. పరిగెత్తే బండి వెనక గాలి సుడి తిరుగుతుంది. సైలెన్సరు పొగను అది తిరిగి లోపలికే లాగుతుంది. ఇక్కడ లీకు కూడా అక్కర్లేదు. డిక్కీ దగ్గర పడుకోబెట్టేది ఎప్పుడూ చిన్నపిల్లలనే. ఇంకా, పెళ్లి మంటపం బయట ఎండకు తాళలేక బండి ఆపి, ఏసీ వేసుకుని, అద్దాలు మూసి నిద్రపోయే డ్రైవర్లు. నాయనా, చెట్టు కింద పడుకో. దోమలు కుడితే కుడతాయి. జనరేటరు కూడా ఇంతే. దాన్ని మంటపం వెనక గదిలో, వంటవాళ్లు తిరిగే చోట పెట్టకండి.

డీజిల్ బండ్లలో కార్బన్ మోనాక్సైడు పెట్రోలు బండ్లకంటే తక్కువ. అంతమాత్రాన ఊపిరి పీల్చుకోవడానికి లేదు. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. ట్రాక్టరు మీద రోజంతా కూర్చునేవాడి ముఖానికి ఎదురుగా ఆ జాయింటు ఉంటుంది.

ట్రాక్టరు అంటే గుర్తొచ్చేది నిప్పు. చెనక్కాయ పీకి, కాయ కొట్టి, కట్టెను వామి వేసుకుంటాం. కరువు కాలంలో ఆ వామే పశువుల ప్రాణం. ఎండిన కట్టె అంటుకోవడానికి మంటే అక్కర్లేదు. సుమారు 300 డిగ్రీల వేడి ఇనుము తగిలితే చాలు. ప్యాకింగు కాలిన సందులోంచి పక్కకు చిమ్మే పొగ, దానితో వచ్చే నిప్పురవ్వ ఆ పని సులువుగా చేస్తాయి. కట్టె తోలే ముందు ట్రాక్టరు ఇంజను నుంచి పొగ బయటికొచ్చే మానిఫోల్డు దగ్గర చేరిన ఆకూ దుమ్మూ దులపండి. వామి పక్కన ఇంజను నడుస్తుండగా బండి నిలపకండి. మోటారుసైకిలును ఎండుగడ్డిలో ఆపకండి.

ఇప్పటికే ఎవరికైనా తల తిరుగుతుంటే ఏం చేయాలి? బండి ఆపండి. ఇంజను ఆపండి. అందరినీ దించి గాలి బాగా ఆడే చోట కూర్చోబెట్టండి. తర్వాత ఆ రెండు ప్రశ్నలు వేసుకోండి. ఒకరి కంటే ఎక్కువమందికి ఒకేసారి వచ్చిందా? దిగాక తగ్గుతోందా? మనిషి మగతగా ఉన్నా, మాట తడబడినా, స్పృహ తప్పినా, గర్భిణి అయినా, పసిబిడ్డ అయినా తగ్గిందనుకుని ఇంటికి తీసుకుపోకండి. 108కి ఫోను చేయండి. తల్లి కంటే ముందు కడుపులోని బిడ్డకు దెబ్బ తగలవచ్చు.

ఆసుపత్రికి పోయాక నోరు తెరిచి చెప్పండి, బండి పొగ పీల్చారని అనుమానంగా ఉందని. ఇది చాలా ముఖ్యం. వేలికి తగిలించే ఆక్సీమీటరు ఈ విషయంలో మోసం చేస్తుంది. ప్రాణవాయువును పట్టుకున్న నెత్తురుకూ, ఈ విషాన్ని పట్టుకున్న నెత్తురుకూ తేడా దానికి తెలియదు. మనిషి ప్రమాదంలో ఉన్నా 98 అని చూపించవచ్చు. ఊళ్లో తొలి వైద్యం చేసే డాక్టర్లకు నా విన్నపం కూడా ఇదే. ఎండదెబ్బ అని సెలైన్ ఎక్కించే ముందు ఏ బండిలో వచ్చారని ఒక్క మాట అడగండి. దీనికి మందు ప్రాణవాయువే. మామూలు గాలిలో నెత్తురులోని ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడితే, మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంటా గంటన్నరలో తగ్గుతుంది.

స్పేర్ పార్టుల అంగళ్ల యజమానులు ఒక మేలు చేయగలరు. సైలెన్సరో కన్వర్టరో అమ్మినప్పుడు దానికి సరిపడే కొత్త ప్యాకింగు, నట్లు కూడా అదే సంచిలో వేసి ఇవ్వండి. విడిగా కొనమంటే చాలామంది కొనరు. కొలత కుదరక తిరిగి వచ్చిన సరుకును మొహమాటం లేకుండా వెనక్కి తీసుకోండి. మెకానిక్ తమ్ముళ్లారా, 'అతుకుపెట్టి ఇవ్వు' అని మేము ఒత్తిడి చేస్తాం. మా జేబుల సంగతి మీకు తెలుసు, అందుకే కాదనలేకపోతారు. ఈ ఒక్కదానికి కాదనండి. కోప్పడి వేరే షెడ్డుకు పోయినా పోనివ్వండి.

రేపు తెల్లవారి మీ బండి తీసే ముందు పిల్లలను ఇంకా ఎక్కించకండి. రేడియో ఆపండి, అద్దం దించండి. చల్లటి ఇంజనును స్టార్టు చేసి, కిందికి దిగి, ముందువైపు వంగి నిలబడి ఒక నిమిషం పాటు వినండి. టిక్ టిక్ మని వినబడితే ఆ రోజు తిరుమల ప్రయాణం వాయిదా వేసుకోండి. షెడ్డు తెరిచేదాకా ఆగి, ముందు అక్కడికే పోండి. మీరొక్కరే పోండి, అద్దాలన్నీ దించుకుని.